వేకువ రాకెట్టు ఫొటోలు: సూళ్లూరుపేట వైపు నుంచి ప్రాజెక్టు డైరీ

సూర్యుడి లెక్క — పూర్తయింది

ఈ ప్రాజెక్టు పని, శ్రీహరికోట నుంచి వేకువ, సాయంత్రం మసక వేళల్లో లేచే ఇస్రో రాకెట్ల నిప్పుగీతనూ, పైన ఎండలో వెలిగే పొగనూ ఫొటో తీయడం. పీఎస్‌ఎల్‌వీ-సీ52 2022 ఫిబ్రవరి 14న ఉదయం 5:59కి లేచింది. పీఎస్‌ఎల్‌వీ-సీ61 2025 మే 18న, అదీ 5:59కే. రెండూ శ్రీహరికోటలోని మొదటి లాంచ్ ప్యాడ్ నుంచే, రెండింటిలోనూ రాడార్ ఉపగ్రహాలే (ఈఓఎస్-04, ఈఓఎస్-09). గడియారం ఒకటే అయినా ఆకాశం ఒకటి కాదు. ఫిబ్రవరిలో ఆ వేళకు సూర్యుడు క్షితిజానికి దాదాపు 9 డిగ్రీలు కింద ఉన్నాడు. మేలో 3 డిగ్రీలు పైకి వచ్చేశాడు. మొదటిది మసక చీకట్లో లేచిన రాకెట్టు, రెండోది ఎండలో లేచింది. సీ61 మూడో దశలో విఫలమైందన్నది వేరే సంగతి.

రాడార్ ఉపగ్రహాలకు ఈ వేళ కాకతాళీయం కాదు. రాడార్‌కు విద్యుత్తు ఎక్కువ కావాలి, ఫొటో తీయడానికి మాత్రం ఎండ అక్కర్లేదు. అందుకని వాటిని పగలూ రాత్రీ కలిసే గీత వెంట తిరిగే కక్ష్యలో పెడతారు, సౌర ఫలకాలకు దాదాపు ఎప్పుడూ ఎండ తగులుతూనే ఉంటుంది. ఆ కక్ష్యాతలం శ్రీహరికోట మీదికి వచ్చేది స్థానిక కాలం ప్రకారం ఆరింటి ప్రాంతంలో. కాబట్టి ఈ ప్రాజెక్టుకు పనికొచ్చే లాంచ్‌లను వెతకాలంటే ముందు పేలోడ్, అంటే రాకెట్టు మోసుకెళ్లే ఉపగ్రహం ఏదో చూడాలి. 2019 మే 22న 5:30కి వెళ్లిన రీశాట్-2బి పూర్తిగా ఈ కోవలోది కాకపోయినా, సూర్యుడు 3 డిగ్రీల పైచిలుకు కింద ఉండగానే లేచింది.

ఏ లాంచ్ ప్రకటన వచ్చినా చేయాల్సిన మొదటి పని, ఆ నిమిషానికి సూర్యుడు ఎన్ని డిగ్రీలు కింద ఉంటాడో చూడటం. ఆకాశాన్ని చూపించే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌లో 13.73 ఉత్తర అక్షాంశం, 80.23 తూర్పు రేఖాంశం, తేదీ, సమయం ఇస్తే తేలిపోతుంది. దాన్నుంచి భూమి నీడ ఎంత ఎత్తు దాకా ఉందో లెక్కేయాలి. ఆ కోణం కొసైన్‌తో ఒకటిని భాగించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేసి, 6,371తో గుణిస్తే నడినెత్తిన నీడ ఎత్తు కిలోమీటర్లలో వస్తుంది. 4 డిగ్రీలకు 16, 6 డిగ్రీలకు 35, 8 డిగ్రీలకు 63, 10 డిగ్రీలకు 98, 12 డిగ్రీలకు 142. ఈ అంకెలకు ఇంకో పది కిలోమీటర్లు కలుపుకుంటే మంచిది. నేలను రాసుకుంటూ వచ్చే కిరణాన్ని కింది గాలి, దుమ్ము మింగేస్తాయి.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి పీడనం పడిపోతుంది, ఇంజను చివరి గొట్టం (నాజిల్) నుంచి వచ్చే వాయువు విప్పారుతుంది. ఆ విప్పారిన పొగ నీడ దాటి ఎండలోకి వచ్చిందంటే, నేల మీద చీకటిలో ఉన్న మనకు అది ఆకాశంలో జెల్లీఫిష్ ఆకారంలో వెలుగుతూ కనిపిస్తుంది. కలిసి రావాల్సింది మూడే: కింద చీకటి, పైన ఎండ, ఆ ఎత్తులో ఇంకా మండుతున్న ఇంజను.

వేకువకూ సాయంత్రానికీ ఒకే అంకె పనికిరాదు

మామూలు ఫొటో గైడ్లన్నీ "సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత అరగంట" అని రెండింటినీ ఒకే గాటన కట్టేస్తాయి. శ్రీహరికోటకు అది కుదరదు, ఎందుకంటే ఇక్కడ రాకెట్లన్నీ సముద్రం మీదికే, అంటే తూర్పుకో ఆగ్నేయానికో వెళ్తాయి.

వేకువ రాకెట్టు సూర్యుడికి ఎదురెళ్తుంది. సీ52 లెక్కే తీసుకుందాం. లేచినప్పుడు 8.9 డిగ్రీలు, నీడ 78 కిలోమీటర్లు. రెండున్నర నిమిషాలకు సూర్యుడు 0.6 డిగ్రీ పైకొచ్చాడు. రాకెట్టు ఆగ్నేయంగా వంద కిలోమీటర్ల పైన వెళ్లడంతో ఇంకో 0.8 డిగ్రీ కలిసొస్తుంది. అంటే రాకెట్టు ఉన్నచోట నీడ 55 కిలోమీటర్లకు దిగిపోయింది. మా అంచనాలో ఇలాంటి లాంచ్‌లో పొగ ఎండలోకి వచ్చేది టీ+120, 130 సెకన్ల దగ్గర (టీ అంటే రాకెట్టు లేచే క్షణం), మొదటి దశ ఊడి రెండో దశ మండటం మొదలైన కొద్దిసేపటికే.

సాయంత్రం కథ తిరగబడుతుంది. 2017 ఆగస్టు 31న రాత్రి 7:00కి లేచిన పీఎస్‌ఎల్‌వీ-సీ39కి సూర్యుడు 10 డిగ్రీలు కింద. రాకెట్టు తూర్పుకు పోతుంటే నీడ దాని వెంటే పెరుగుతుంది. టీ+150కి ఆ చోట కోణం పదకొండున్నర డిగ్రీలు, నీడ 130 కిలోమీటర్ల పైన. వేకువలో తేలిగ్గా వెలిగే పొగ ఇక్కడ చాలా ఆలస్యంగా, చాలా దూరంలో వెలుగుతుంది.

అందుకని మా నియమం ఇది. వేకువ లాంచ్‌కు సూర్యుడు 8 నుంచి 10 డిగ్రీలు కింద ఉంటే మొదటి ప్రాధాన్యం. సాయంత్రానికి 5 నుంచి 7. ఈ హద్దులకు బయట ఉన్నవాటికి వేరే ప్రణాళిక. ఉదాహరణకు శ్రీహరికోట వందో ప్రయోగం, 2025 జనవరి 29న ఉదయం 6:23కి వెళ్లిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15. సూర్యుడు 4 డిగ్రీలే కింద, నీడ 16 కిలోమీటర్లు. అప్పటికే ఆకాశం తెల్లబడింది కాబట్టి జెల్లీఫిష్ కోసం చూడకూడదు, రంగు తేలిన పొగ తోక కోసం చూడాలి. 2025 నవంబరు 2న సాయంత్రం 5:26కి వెళ్లిన ఎల్‌వీఎం3-ఎం5కైతే సూర్యుడు ఇంకా క్షితిజం మీదే ఉన్నాడు. అక్కడ దొరికేది బంగారు పొగ.

ఒక పక్క మాట. కాలిఫోర్నియాలోని మనవాళ్లు అక్కడి వాండెన్‌బర్గ్ నుంచి సాయంత్రాలు లేచే ఫాల్కన్ 9 రాకెట్లను చూసి, శ్రీహరికోట నుంచీ అలాంటి బొమ్మే ఆశిస్తుంటారు. తిరిగి దిగడానికి వెనక్కి మళ్లే ఫాల్కన్ మొదటి దశ పైన మళ్లీ ఇంజను వెలిగించినప్పుడు, రెండు పొగలు ఎదురుపడి వింత ఆకారాలు పుడతాయి. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ ఘన ఇంధనం, అయిపోతే సముద్రంలో పడటమే. ఆ మెలికలు ఇక్కడ రావు.

చోటు — రెండు ఎంపికలు మిగిలాయి

ప్రజలు ప్రయోగాలు చూడటానికి శ్రీహరికోటలో ఇస్రో కట్టిన లాంచ్ వ్యూ గ్యాలరీ అన్నిటికంటే దగ్గర. ముందే ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు కావాలి, చోటు మన ఇష్టం కాదు. లేచే క్షణం చూడటానికి అంతకు మించింది లేదు. కానీ ఈ ప్రాజెక్టుకు కావాల్సింది మొదటి పది సెకన్లు కాదు, రెండో నిమిషం తర్వాతి ఆకాశం. కాబట్టి గ్యాలరీని పక్కన పెట్టాం.

సూళ్లూరుపేట నుంచి ప్యాడ్ 22, 23 కిలోమీటర్లు. దిక్సూచిలో 81 డిగ్రీలు, అంటే తూర్పుకు కాస్త ఉత్తరంగా. ఫిబ్రవరి మధ్యలో సూర్యుడు పొడిచేది 103 డిగ్రీల దగ్గర. పీఎస్‌ఎల్‌వీ 81 దగ్గర లేచి కుడికి వంగుతూ, మొదటి దశ అయిపోయేసరికి 120 డిగ్రీల ప్రాంతానికి, 40 డిగ్రీల పైన ఎత్తుకు చేరుతుంది. తోవలో సరిగ్గా సూర్యోదయపు ఎర్రదనం మీదుగా దాటుతుంది. ఫ్రేము అడుగున వెలుతురు ఎక్కువని ముందే తెలిస్తే ఎక్స్‌పోజర్ అక్కడే కొలుచుకోవచ్చు.

జెల్లీఫిష్ దశలో మాత్రం రాకెట్టు ఇక్కడి నుంచి దూరమవుతుంటుంది. టీ+150కి 35 డిగ్రీల ఎత్తులో ఉంటుందని అంచనా. అదే క్షణంలో దక్షిణాన పులికాట్ లైట్‌హౌస్ దగ్గర 45 దాటుతుంది, చెన్నై మెరీనాలో 50 దాటుతుంది. ప్యాడ్ నుంచి 75 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెరీనా ఈ ఒక్క దశకు సూళ్లూరుపేట కంటే మెరుగు. ఊరి దీపాల గొడవ ఉన్నా, మసక వెలుతురులో అది రాత్రిపూట బాధించినంత బాధించదు. నెల్లూరు, మైపాడు వైపు పీఎస్‌ఎల్‌వీకి వద్దు, రాకెట్టు వీపు చూపించి పోతుంది. తిరుపతి నుంచి కనిపిస్తుంది గానీ 88 కిలోమీటర్ల దూరం, లేచే భాగం దిగువ మబ్బులోనే.

పులికాట్ సరస్సు మీది రోడ్డు అందరికీ తెలిసిందే. లాంచ్ రోజు ఎక్కడ ఆపనిస్తారో, ఎక్కడ ఆపనివ్వరో అక్కడి పోలీసులు చెప్పిందే మాట. సరుగుడు తోట అడ్డం లేని చోటు ముందురోజు వెలుతురులోనే చూసి పెట్టుకోవాలి. డ్రోన్ ఆలోచన అసలు వద్దు. దోమల మందు మరచిపోవద్దు.

గీత పరీక్షలు — చిక్కంతా ఇక్కడే

రాత్రి లాంచ్‌కు షట్టర్ మూడు, నాలుగు నిమిషాలు తెరిచి ఉంచితే నిప్పుగీత ఒకే ఫొటోలో వచ్చేస్తుంది. మసక వెలుతురులో అలా చేస్తే ఆకాశం తెల్లగా మాడిపోతుంది. కదిలే నిప్పు ప్రకాశం ఫొటోలో ఎంత పడుతుందన్నది ఎపర్చర్ (లెన్సు రంధ్రం), ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) మీదే ఆధారపడుతుంది. షట్టర్ ఎంతసేపు తెరిచినా నిప్పు ఒక పిక్సెల్ మీద నిలిచేది క్షణమే. ఆకాశం మాత్రం ఎంతసేపు తెరిస్తే అంత పేరుకుంటుంది. కాబట్టి షట్టర్ తగ్గించి, ఫ్రేములు పెంచి, తర్వాత ప్రతి పిక్సెల్‌లో అన్నిటికంటే వెలుగైనదాన్నే ఉంచే లైటెన్ పద్ధతిలో ఒకదానిమీద ఒకటి పేర్చాలి. గీత నిండుగా ఉంటుంది, ఆకాశం ఒక్క ఫ్రేముదే ఉంటుంది.

వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి ఒకే పొడుగు ఫ్రేము తీయవచ్చు కదా అంటే, లెక్క ఒప్పుకోదు. సూర్యుడు 6 డిగ్రీలు కింద ఉన్నప్పుడు నెత్తి మీది ఆకాశానికి ఐఎస్ఓ 100, ఎఫ్/16 దగ్గర సుమారు 30 సెకన్లు చాలు. ఎన్‌డీ8 పెడితే నాలుగు నిమిషాలు వస్తుంది, కానీ గీతకూ అదే మూడు స్టాపుల కోత పడుతుంది (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగం). సూళ్లూరుపేట దూరంలో గీత సన్నగా, నీరసంగా మిగులుతుంది.

ప్రస్తుత సెట్టింగులు, సూర్యుడు 9 డిగ్రీలు కింద ఉన్న వేకువకు: ఏపీఎస్-సీ (చిన్న సెన్సరు) కెమెరా నిలువుగా, 18 మి.మీ., ఎఫ్/8, ఐఎస్ఓ 100, 8 సెకన్ల ఫ్రేములు, రా ఫార్మాట్. నిలువు ఫ్రేములో పైకి 66 డిగ్రీలు, అడ్డంగా 47 పడతాయి. పీఎస్‌ఎల్‌వీకి ప్యాడ్‌ను ఎడమ అంచుకు దగ్గరగా ఉంచి కుడివైపు ఖాళీ వదలాలి. జీఎస్‌ఎల్‌వీ, ఎల్‌వీఎం3లకు ప్యాడ్ మధ్యకు దగ్గరగా.

అసలు శత్రువు ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఖాళీ. 6,000 పిక్సెళ్లు 66 డిగ్రీలకు పంచితే డిగ్రీకి 91. టీ+40 ప్రాంతంలో రాకెట్టు ఇక్కడి నుంచి సెకనుకు సుమారు ఒక డిగ్రీ కదులుతుంది. విరామాలు లెక్కపెట్టి ఫ్రేములు తీయించే ఇంటర్వెలోమీటర్లో ఒక సెకను విరామం పెడితే గీతలో 91 పిక్సెళ్ల తెగుడు. అందుకే ఇంటర్వెలోమీటర్ మానేశాం. డ్రైవ్‌ను కంటిన్యువస్‌లో పెట్టి, కేబుల్ రిలీజ్ బటన్ నొక్కి లాక్ చేస్తే ఖాళీ సెకనులో మూడో వంతు లోపుకు వస్తుంది, తెగుడు 30 పిక్సెళ్లకు దిగుతుంది. దాన్ని ఫ్రేములు పేర్చే సాఫ్ట్‌వేర్ స్టార్‌స్టాక్స్‌లోని గ్యాప్ ఫిల్లింగ్ పూడ్చేస్తుంది.

ఖాళీ ఎంతో మీ కెమెరాలో కొలవడానికి సీలింగ్ ఫ్యాను చాలు. ఎర్ర ఎల్‌ఈడీ ఒకటి, సీఆర్2032 బ్యాటరీ ఒకటి, టేపుతో రెక్క చివర అంటించి, గది చీకటి చేసి, రెగ్యులేటర్ ఒకటిలో పెట్టాలి. కెమెరా నేల మీద, లెన్సు పైకి, షట్టర్ అర సెకను, కంటిన్యువస్. మొదటి ఫ్రేములో చాపం ఆగిన చోటుకూ రెండో ఫ్రేములో మొదలైన చోటుకూ మధ్య కోణం కొలవాలి. ఫ్యాను నిమిషానికి 60 చుట్లు తిరిగితే 108 డిగ్రీల తేడా అంటే 0.3 సెకను ఖాళీ. తిరిగే వేగాన్ని ఫోను వీడియోతో ముందే లెక్కపెట్టుకోవాలి. ఎలక్ట్రానిక్ షట్టర్‌లోనూ ఇదే పరీక్ష మళ్లీ చేయండి, కొన్ని కెమెరాల్లో పొడుగు ఎక్స్‌పోజర్లకు ఆ షట్టర్ పనిచేయదు.

లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే ప్రతి 8 సెకన్ల ఫ్రేము తర్వాత ఇంకో 8 సెకన్లు చీకటి ఫ్రేము తీస్తుంది, సగం గీత పోతుంది. బాగా తీసిన గీతలు సైతం ముక్కలుగా వచ్చాయంటే ఎక్కువసార్లు కారణం ఇదే.

వేకువలో ఇంకో సమస్య, ఆకాశం ఆగకుండా తెల్లబడటం. ఇక్కడ సూర్యుడు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ ఎక్కుతాడు, డిగ్రీకి వెలుతురు సుమారు ఒకటిన్నర స్టాపు పెరుగుతుంది. మొదటి దశ మండే 110 సెకన్లలో అర స్టాపు పైన తేడా. అది భరించవచ్చు. లైటెన్ పేర్పులో చివరి ఫ్రేము ఆకాశమే గెలుస్తుంది కాబట్టి టీ+115 తర్వాతి ఫ్రేములు ఈ పేర్పులో కలపకూడదు.

సూర్యుడు 4 డిగ్రీలకు వచ్చాక ఈ పద్ధతే దండగ. ఎఫ్/11లో కూడా సూర్యోదయం వైపు ఆకాశానికి అర సెకనే దక్కుతుంది. ఖాళీ, ఫ్రేము దాదాపు సమానమై గీత చుక్కలచుక్కలుగా వస్తుంది. అప్పుడు వీడియో తీయడమే మేలు.

రెండో కెమెరా: పొగ

మొదటి దశలో ఘన ఇంధనం, అందులో అల్యూమినియం పొడి. మండినప్పుడు వచ్చే అల్యూమినా రేణువులు తెల్లగా కళ్లు చెదిరేలా వెలుగుతాయి. రెండో దశలో వికాస్ ఇంజను, ద్రవ ఇంధనం. దాని మంట చాలా మసక. ఒకే సెట్టింగుతో రెండూ తీయడం కుదరదు, అందుకే రెండో కెమెరా.

ఇది 50 మి.మీ., ఎఫ్/2, ఐఎస్ఓ 800, 1 సెకను. ట్రైపాడ్ మీద బాల్‌హెడ్ వదులుగా, చేత్తో తిప్పుకునేలా. టీ+110 దాకా దీన్ని ముట్టుకోవద్దు. మొదటి దశ వెలుగు చటుక్కున ఆరి రెండోది అంటుకునేటప్పుడు కంటికి రాకెట్టు మాయమైనట్టుంటుంది, చాలామంది అక్కడే కెమెరా దించేస్తారు. ముందే 35 డిగ్రీల ఎత్తు, 130 డిగ్రీల దిక్కు గుర్తుపెట్టుకుని అటు తిప్పి ఉంచాలి. పొగ విప్పారడం మొదలయ్యాక హిస్టోగ్రాం (కెమెరా తెర మీది వెలుతురు గ్రాఫు) కుడి గోడకు తగిలితే షట్టర్ పావు సెకనుకు దించాలి. మూడేసి ఫ్రేములు వేర్వేరు షట్టర్లతో తీసే బ్రాకెటింగ్ ఇక్కడ పనికొస్తుంది.

ఎల్‌వీఎం3 అయితే లెక్క మారుతుంది. పక్కనుండే రెండు ఎస్200 ఘన ఇంధన బూస్టర్లు రెండు నిమిషాల పైన మండి 60 కిలోమీటర్ల ప్రాంతంలో ఊడతాయి. అల్యూమినా తోక అంత ఎత్తు దాకా వెళ్తుంది కాబట్టి ఐఎస్ఓ 200తో మొదలుపెట్టాలి.

తోక సంగతి విడిగా. రాకెట్టు కనుమరుగయ్యాక కెమెరాలు సర్దేయడం ఈ పనిలో అతి ఖరీదైన తొందర. సీ52 లాంటి లాంచ్‌లో 30 కిలోమీటర్ల ఎత్తులోని తోకకు ఎండ తగిలేది లేచిన 14 నిమిషాలకు, రంగు బాగా తేలేది 18 నిమిషాలకు. అప్పటికి పై గాలులు దాన్ని ముడులు పెట్టేసి ఉంటాయి. వేకువలో వెలుగు పైనుంచి కిందికి దిగుతుంది. సాయంత్రం కిందనుంచి చీకటి ఎక్కుతుంది. కాబట్టి సీ52 లాంటి వేకువకు 6:20 దాకా, సాయంత్రానికి తోక కొస ఆరేదాకా పది సెకన్లకో ఫ్రేము టైమ్‌లాప్స్ నడవాలి. ఇక్కడ ఇంటర్వెలోమీటర్ మళ్లీ బయటికి తీయొచ్చు.

మంచు, ఫోకస్

జనవరి, ఫిబ్రవరి వేకువల్లో పులికాట్ గాలికి లెన్సు మీద నీరు పేరుకుంటుంది. గుడ్డతో తుడిస్తే ఫోకస్ కదులుతుంది, మళ్లీ పది నిమిషాలకు అదే కథ. వేడి పట్టీ తయారైంది: 82 ఓములు, 1 వాట్ రెసిస్టర్లు పది, అన్నీ సమాంతరంగా, రెండు సన్నని తీగల మధ్య నిచ్చెనలా టంకం పెట్టి, పైన ష్రింక్ స్లీవ్, చుట్టూ గుడ్డ, వెల్క్రో. 5 వోల్టుల యూఎస్‌బీ మీద 0.6 ఆంపియర్లు, 3 వాట్లు. ఒక్కో రెసిస్టర్‌కు 0.3 వాట్ పడుతుంది కాబట్టి పావు వాట్‌వి వాడితే మాడిపోతాయి. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుతో ఒక రాత్రి గడిచిపోతుంది. మంచు పట్టాక పెడితే ఆరడానికి చాలాసేపు పడుతుంది, కెమెరా బయటికి తీసిన వెంటనే ఆన్ చేయాలి.

ఫోకస్ గ్రహం మీదో, ప్రకాశవంతమైన నక్షత్రం మీదో, లైవ్ వ్యూ పది రెట్లు పెంచి. సీ52 రోజుల్లో శుక్రుడు తెల్లవారుజామున తూర్పున ధగధగలాడుతున్నాడు, అంతకంటే మంచి గుర్తు ఉండదు. తర్వాత ఆటోఫోకస్ ఆఫ్, స్టెబిలైజేషన్ ఆఫ్, రింగు మీద టేపు. పట్టీ వేడెక్కాక ఇంకోసారి చూడాలి, వేడికి లెన్సు ఫోకస్ కాస్త జరుగుతుంది.

ట్రిగ్గర్‌కు యూట్యూబ్ ప్రత్యక్ష ప్రసారాన్ని నమ్మొద్దు, అది కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. ఫోను గడియారం చూసి టీ−30కే మొదలుపెట్టాలి. శబ్దం కావాలంటే 22 కిలోమీటర్ల దూరానికి అది చేరేది 65 సెకన్లకు. వీడియో మైకు మీద స్పాంజి తొడుగు, ఆడియో లెవెల్ మాన్యువల్.

మిగిలిన పని

పులికాట్ లైట్‌హౌస్ దగ్గర మూడో కెమెరా పెట్టి, సూళ్లూరుపేట ఫ్రేముతో ఒకే సెకనులో తీయడం. రెండు చోట్ల మధ్య దూరం సుమారు 45 కిలోమీటర్లు. రెండు ఫ్రేముల్లోనూ ఒకే నక్షత్రాలు పడితే, పొగ అంచు వాటితో పోలిస్తే ఎంత జరిగిందో కొలిచి దాని ఎత్తు లెక్కకట్టవచ్చు. అలా వచ్చిన ఎత్తును నీడ లెక్కతో సరిచూడాలి. ఇందుకు కెమెరా గడియారాలు అర సెకను లోపు కలవాలి. ఫోనులో జీపీఎస్ సమయాన్ని సెకన్లతో చూపించే తెరను లాంచ్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రెండు కెమెరాలతోనూ ఫొటో తీసి ఉంచితే తేడా తర్వాత దిద్దుకోవచ్చు. మూడో కెమెరాకు వేడి పట్టీ ఇంకా కుట్టాలి.